గోదావరి డెల్టాలో తక్కువ ఖర్చుతో స్వతంత్ర సినిమా: కాలేజీ తర్వాతి జీవితాన్ని తెరకెక్కించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీయో బీటెక్కో ముగించుకొని ఇంటికి వచ్చిన యువతీయువకుల జీవితాన్ని కథగా తీసుకొని, పేరున్న తారలు గానీ పెద్ద పెట్టుబడి గానీ లేకుండా కోనసీమలోనో, భీమవరం, నర్సాపురం పరిసరాల్లోనో పూర్తి నిడివి సినిమా తీయాలనుకునేవారి కోసం ఈ సమాధానాలు రాశాము. ఏ కెమెరా కొనాలన్నదే అందరూ మొదట అడిగే ప్రశ్న. దాన్ని కావాలనే కిందికి నెట్టాము.

కాలేజీ అయిపోయాక ఇంట్లో కూర్చున్న కుర్రాడి జీవితంలో రెండు గంటల కథ ఏముంటుంది?

ఉంటుంది. అయితే దాన్ని ప్రేమ విఫలం కావడంలోనో, ఇంటర్వ్యూలో ఓడిపోవడంలోనో వెతికితే ఇదివరకే చూసిన సినిమాలే మళ్లీ చేతికి వస్తాయి. బీటెక్ విద్యార్థికి నాలుగేళ్లపాటు, ఎనిమిది సెమిస్టర్లపాటు, మిడ్ పరీక్షలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, ఫలితాలు, సప్లిమెంటరీలు అంటూ ఎవరో ఒకరు తేదీలు నిర్ణయించి పెడతారు. చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ఆ తేదీలు ఆగిపోతాయి. డెల్టాలో చుట్టూ ఉన్న జీవితానికి మాత్రం తేదీలు ఆగవు. ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీరు వదిలే రోజు ఉంటుంది, కట్టేసే రోజు ఉంటుంది. సార్వా (తొలి వరి పంట) ఊడ్పులు, కోతలు, దాళ్వా (రెండో వరి పంట) నారుమళ్లు, నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి కొబ్బరి దింపు, వేసవిలో పెళ్లిళ్లు, శ్రావణ భాద్రపదాల్లో వరద, సంక్రాంతికి ఊరంతా చుట్టాలు. తేదీలు లేని మనిషి ఒకడు, ఇన్ని తేదీలున్న ఊళ్లో తిరగడమే ఈ కథకు మూలమని మా అభిప్రాయం.

ఉదాహరణకు ఒక సన్నివేశం చూడండి. ఉదయం పది దాటింది. కుర్రాడు హాల్లో ఫ్యాను కింద ఫోను చూస్తూ పడుకొని ఉన్నాడు. పొలం నుంచి వచ్చిన తండ్రి బోరింగు దగ్గర మోకాళ్ల దాకా అంటిన బురద కడుక్కొని లోపలికి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, ఫ్యాను ఒక పాయింటు తగ్గించి కుర్చీలో కూర్చుంటాడు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, ‘ఏరా అబ్బాయ్, ఇంకా సెలవులేనా?’ అని అడుగుతుంది. దీనికి ఒక ఇల్లు, ఒక గోడ, ముగ్గురు మనుషులు చాలు.

హైదరాబాద్, బెంగళూరు చూపించకుండా ఈ తరం కథ చెప్పగలమా?

చెప్పగలరు. బడ్జెట్ దృష్ట్యా అలా చెప్పడమే మేలు కూడా. ఊరు వదిలి వెళ్లడం ఇక్కడ ఎలా జరుగుతుందో చూపిస్తే, వెళ్లిన చోటును చూపించవలసిన అవసరం చాలావరకు తగ్గిపోతుంది. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి నుంచి నర్సాపురం వెళ్లే రైలు మార్గం దశాబ్దాలుగా నిర్మాణంలోనే ఉంది. అందువల్ల కోనసీమ కుర్రాడు ఊరు వదలడమంటే చాలాసార్లు సాయంత్రం ప్రైవేటు బస్సు ఎక్కడమే. బస్సు కోసం నిలబడిన అరగంటలో ఆవకాయ జాడీ ఒలికిపోకుండా తల్లి చుట్టిన ప్లాస్టిక్ కవర్లు, టికెట్ డబ్బు ఎవరిచ్చారన్న లెక్క, ‘చేరాక ఫోన్ చెయ్యి నాన్నా’ అన్న మాట, అన్నీ వచ్చేస్తాయి. ఆ తర్వాత నగరం ఫోన్లో వినిపిస్తే సరిపోతుంది. హాస్టల్ గది తప్పనిసరైతే కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఒక గది అద్దెకు తీసుకొని తీయండి. నాలుగు మంచాలు, ఒక కిటికీ ఉన్న గది ఏ నగరంలో ఉందో ప్రేక్షకుడు అడగడు.

వెళ్లిపోయినవాడు గెలిచినట్లు, ఉండిపోయినవాడు ఓడినట్లు కథ నడపడం మాత్రం మాకు నచ్చదు. ఇక్కడే ఉండి రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నవాడు, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి కోచింగ్‌లో ఉన్న అమ్మాయి, గ్రామ సచివాలయంలో పని చేస్తూ తన క్లాస్‌మేట్ల సర్టిఫికెట్ దరఖాస్తులు తీసుకొనే కుర్రాడు, గల్ఫ్‌లో పని చేస్తున్న తల్లి పంపిన డబ్బుతో చదువుకొని ఇప్పుడు ఆమెను వెనక్కి రమ్మని చెప్పలేకపోతున్న కొడుకు, వీరిలో ఎవరి కథా చిన్నది కాదు. చివరిది కోనసీమలో ఎన్నో ఇళ్లలో ఉన్న కథే అయినా మన తెర మీద అరుదుగా కనిపిస్తుంది.

ప్రధాన పాత్ర అమ్మాయి అయితే కథ ఎలా మారుతుంది?

తేదీల లెక్క తలకిందులవుతుంది. అబ్బాయికి తేదీలు లేకపోవడం సమస్య అయితే, అమ్మాయికి ఇతరులు పెట్టిన తేదీలు ఎక్కువై సమస్య అవుతుంది. ఆషాఢంలో, పుష్యంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలల్లో ఇంట్లో కొంత ఊపిరి పీల్చుకొనే వీలుంటుంది. మాఘం దగ్గర పడేకొద్దీ మళ్లీ ఫోటోలు, జాతకాలు, ‘వచ్చే ఆదివారం వాళ్లొస్తున్నారు’ అన్న కబురు మొదలవుతాయి. ఉద్యోగం ఆఫర్ లెటర్‌లోని చేరవలసిన తేదీ, పంచాంగంలోని తేదీ ఎదురుపడే చోట నాటకీయత దానంతట అదే పుడుతుంది. నర్సాపురం ప్రాంతంలో ఇళ్లలో ఆడవారు లేసు అల్లుతూ సంపాదించుకొనే తీరు తెలిసినవారు ఆ వరండాల్లో జరిగే సంభాషణలను వింటే, సంభాషణల రచనకు వేరే శిక్షణ అక్కరలేదు.

ఎంత డబ్బు ఉంటే మొదలుపెట్టవచ్చు? స్క్రిప్టు ఎంత ఉండాలి?

ఇంత అని అంకె చెప్పేవారిని నమ్మవద్దు. ఖర్చును నిర్ణయించేవి రెండే: ఎన్ని రోజులు తీస్తారు, ఎన్ని చోట్లకు యూనిట్‌ను మోసుకొని తిరుగుతారు. చిన్న సినిమాలో కెమెరా అద్దె కంటే ప్రొడక్షన్ భోజనాలు, బండ్ల డీజిల్, బస ఎక్కువ తినేస్తాయి. అందువల్ల కథలోని ప్రధాన ఇల్లు, యూనిట్ బస చేసే ఇల్లు ఒకే వీధిలో ఉండేలా చూసుకోండి. ఉన్న డబ్బులో కనీసం మూడో వంతును ఎడిటింగ్, సౌండ్, కలర్, సర్టిఫికెట్, ప్రదర్శన కాపీల కోసం పక్కన పెట్టి, అది అసలు లేదనుకొని షూటింగ్ నడపండి. సగంలో ఆగిపోయే చిన్న సినిమాలు ఎక్కువగా ఆగేది షూటింగ్ పూర్తయ్యాకే.

జాతీయ చలనచిత్ర పురస్కారాల నిబంధనల ప్రకారం 72 నిమిషాలు దాటినదే కథాచిత్రంగా లెక్కకు వస్తుంది. గంటన్నర నిడివి ఈ తరహా కథకు చక్కగా సరిపోతుంది. పేజీకి నిమిషం అన్న లెక్క మన స్క్రిప్టులకు కుదరదు, ఎందుకంటే ఎడమ పక్క దృశ్యం, కుడి పక్క సంభాషణ రాసే పద్ధతిలో పేజీ ఒక్కోసారి సగం ఖాళీగానే ఉంటుంది. పాత్రధారులను కూర్చోబెట్టి మొత్తం పైకి చదివించి గడియారంతో కొలవండి.

ఏ నెలల్లో షూటింగ్ పెట్టుకోవాలి?

తక్కువ బడ్జెట్ సినిమా వాతావరణంతో పోట్లాడలేదు, కాబట్టి కథనే దానికి అనుగుణంగా రాసుకోవాలి. సాధారణంగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి జూన్‌లో నీరు వదులుతారు. చివరి సెమిస్టర్ పరీక్షలు ముగిసి పిల్లలు ఇళ్లకు చేరేదీ సుమారుగా ఆ రోజుల్లోనే. ఎండిన కాలువలో పూడిక, తూడు, విరిగిన కుండలు బయటపడి ఉన్న ఆ దృశ్యాన్ని ఎంత డబ్బు పెట్టినా సెట్ వేయలేరు. అదే కాలువ జూన్‌లో నిండిన రోజును పట్టుకోగలిగితే కథలో కాలం గడిచిందని వేరే చెప్పనక్కరలేదు. ఇందుకోసం ఒకే షెడ్యూలులో అంతా తీయాలన్న పట్టుదల వదిలి, ఏప్రిల్ చివర ఒక చిన్న షెడ్యూలు, జూన్‌లో మరొకటి, నవంబరు డిసెంబరు సార్వా కోతల్లో ఇంకొకటి పెట్టుకోవడం మంచిది. నటులు స్థానికులైతే ఇది కష్టమేమీ కాదు. నటుడి జుట్టు, గడ్డం మాత్రం ఎవరో ఒకరు ఫోటోలతో సహా రాసిపెట్టుకోవాలి.

జులై నుంచి సెప్టెంబరు వరకు లంక గ్రామాల్లో (నది మధ్య దీవుల్లో ఉన్న ఊళ్లలో) ముఖ్యమైన సన్నివేశాలు పెట్టుకోకండి. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరద పెరిగితే లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునిగిపోతాయి, కోటిపల్లి–ముక్తేశ్వరం, నర్సాపురం–సఖినేటిపల్లి రేవుల్లో పంటు (మనుషులను, బండ్లను నది దాటించే పడవ) ఆగిపోతుంది, కెమెరా అవతల ఒడ్డున, నటుడు ఇవతల ఒడ్డున ఉండిపోతారు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది. 1996 నవంబరు తుపానును చూసిన పెద్దవారు ఏ ఊళ్లోనైనా ఉంటారు, ఆకాశం చూసి వారు వద్దంటే ఆ రోజుకు సామాను సర్దుకోవడమే తెలివైన పని. సంక్రాంతి మూడు రోజులు జనం, రంగులు, జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి ఘట్టాలు ఉచితంగా దొరుకుతాయి గానీ, అదే వారంలో బస దొరకదు, భోజనం వండే మనిషి దొరకడు, ప్రశాంతంగా ఒక్క డైలాగు రికార్డు కాదు. పండుగను కథలో వాడుకోదలిస్తే ముగ్గురు మనుషుల యూనిట్‌తో దృశ్యాలు మాత్రమే తీసుకొని, మాటలున్న సన్నివేశాలు తర్వాత తీయండి.

ఫోన్‌తో తీయవచ్చా?

తీయవచ్చు. సెకనుకు 24 ఫ్రేములు స్థిరంగా ఉండేలా లాక్ చేయగల యాప్ వాడండి; ఫోన్లు తమంతట తాము ఫ్రేముల వేగాన్ని మార్చుకుంటే విడిగా రికార్డు చేసిన మాట పెదవులతో కలవదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 దగ్గర ఉంచితే ట్యూబులైటు, ఎల్‌ఈడీ మినుకులు చాలావరకు పోతాయి. మిగిలిన డబ్బు మైకుల మీద పెట్టండి.

మాటలు అక్కడికక్కడే రికార్డు చేయాలా, డబ్బింగ్ చెప్పించాలా?

ఇలాంటి సినిమాకు అక్కడికక్కడే రికార్డు చేయడమే మా సిఫార్సు. కొత్త నటులు సన్నివేశంలో సహజంగా మాట్లాడినా, కొన్ని నెలల తర్వాత చీకటి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని అదే మాట అదే తీరున చెప్పలేరు. యాస ముందు పోతుంది, తర్వాత ఊపిరి పోతుంది. బూమ్ మైకు (పొడవాటి కర్ర చివర అమర్చిన మైకు) పట్టుకొనే మనిషిని కుటుంబంలోని ఖాళీ కుర్రాడితో సరిపెట్టకుండా, పని తెలిసినవాడిని తెచ్చుకోండి. విడి రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేసి, ప్రతి లొకేషన్‌లోనూ అందరినీ మౌనంగా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ శబ్దాన్ని పట్టుకోండి.

డెల్టా చూడటానికి నిశ్శబ్దంగా ఉంటుంది, వింటే కాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల, చేపల చెరువుల్లో రాత్రిపూట, ముఖ్యంగా తెల్లవారుజామున, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. పగలు రెక్కీకి (లొకేషన్ చూసి రావడానికి) వెళ్లి ప్రశాంతంగా ఉందనుకున్న గట్టు రాత్రి షూటింగ్‌కు పనికిరాకపోవచ్చు. వాటిని ఆపమని రైతును అడగవద్దు, అడగకూడదు కూడా. కొన్ని గంటలు ఆపితే పంట మొత్తం పోవచ్చు. ఆ మోతను కథలోకి తీసుకోండి: చెరువు లీజుకు తీసుకున్న కుర్రాడు కాపలా మంచం మీద ఫోన్లో అమ్మాయితో మాట్లాడుతూ, ఒక ఏరేటర్ ఆగిపోయిన శబ్దం విని మాట మధ్యలో లేచి పరుగెత్తితే, అతని బాధ్యత ఎంతటిదో ఒక్క క్షణంలో తెలుస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు, ఆదివారం చర్చి మైకు, కొబ్బరి మట్టల మీద మధ్యాహ్నపు సముద్రపు గాలి, వీటి వేళలు కూడా షెడ్యూలు కాగితం మీద రాసుకోండి.

నటులను ఎలా ఎంచుకోవాలి? గోదావరి యాస ఎంతవరకు?

ప్రతి మాటకు ముందు ‘ఆయ్’, చివర ‘అండీ’ తగిలిస్తే గోదావరి యాస అయిపోదు. అది వేరే ఊరివారు ఊహించుకొనే గోదావరి. రాజోలులో డిగ్రీ చదివిన అమ్మాయి నాన్నతో ఒకలా, స్నేహితురాలితో ఒకలా, హెచ్‌ఆర్‌తో ఫోన్లో మరొకలా మాట్లాడుతుంది. ఆ మార్పిడే ఈ తరం భాష. సంభాషణలు అక్షరం అక్షరం రాసి ఇవ్వకుండా, సన్నివేశంలో ఏం జరగాలో చెప్పి నటులతో అనిపించి, బాగున్నవాటిని రాసుకొని స్థిరపరచండి. తల్లిదండ్రుల పాత్రలకు ఊళ్లలో పద్యనాటకాలు ఆడిన అనుభవం ఉన్నవారు దొరుకుతారు. వారి గొంతు తగ్గించడానికి కొంత ఓపిక పట్టవలసి ఉంటుంది.

పిల్లలు నటిస్తే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి వారితో పని చేయించకూడదు.

ఎవరెవరి అనుమతులు కావాలి?

ప్రైవేటు ఇళ్లకు, తోటలకు యజమాని సంతకం ఉన్న కాగితం చాలు. ఎంత చుట్టరికం ఉన్నా ఆ కాగితం తీసుకోండి. కాలువ గట్లు, లాకులు జలవనరుల శాఖవి, పెద్ద ఆలయాలు దేవాదాయ శాఖవి, కోరింగ మడ అడవులు అటవీ శాఖవి, రైల్వే స్టేషన్ రైల్వే వారిది. రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ ద్వారా ప్రభుత్వ స్థలాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏ జిల్లా కార్యాలయానికి వెళ్లాలన్నది ముందే చూసుకోండి, ఎందుకంటే 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం వేర్వేరు జిల్లా కేంద్రాలయ్యాయి. యానాం వీధులు బాగున్నాయని వెళ్లేవారు అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమని, ఆంధ్రప్రదేశ్ అనుమతి అక్కడ చెల్లదని గుర్తుంచుకోవాలి.

డ్రోన్ విషయానికి వస్తే, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు గానీ, నిషిద్ధ గగనతలం నిబంధన దానికీ వర్తిస్తుంది. రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయం పరిసరాల్లో ఎగురవేసే ముందు, ఎక్కడ ఎగురవేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడండి. నిజానికి కొబ్బరితోటల మీద డ్రోన్ షాట్ చూసి చూసి ప్రేక్షకుడు విసిగిపోయాడు. ఒక్కటి కూడా లేకుండా సినిమా తీస్తే పోయేదేమీ లేదు.

కోడిపందెం, పాత పాట, సిగరెట్ చూపించవచ్చా?

నిజమైన కోడిపందెం వద్దు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం; పైగా సినిమాలో జంతువులను వాడితే జంతు సంక్షేమ బోర్డు నిరభ్యంతర పత్రం లేకుండా సర్టిఫికెట్ రాదు. బరి చుట్టూ నిలబడినవారి ముఖాలు, చేతులు మారుతున్న నోట్లు చూపిస్తే కోడి అవసరమే ఉండదు.

బస్సులో, టీ కొట్టులో వినిపించే సినిమా పాట చిన్న సినిమాలను ముంచే గుంట. పాట రికార్డింగుకు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు, సాహిత్యానికి, బాణీకి సృష్టికర్త జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. నటుడు కూనిరాగం తీసినా సాహిత్యం, బాణీ హక్కులు అడ్డు వస్తాయి. షూటింగ్ సమయంలో రేడియో ఆపించి, స్థానిక సంగీతకారుడితో మీ సొంత పాట చేయించుకోండి. పొగతాగే దృశ్యం ఉంటే సినిమా మొదట్లో, మధ్యలో కనీసం 30 సెకన్ల ఆరోగ్య సందేశాలు, ఆ దృశ్యం ఉన్నంతసేపూ తెర కింద హెచ్చరిక వేయాలి; కుర్రాడి బెంగ చూపించడానికి సిగరెట్ తప్ప ఇంకేమీ తోచకపోతే స్క్రిప్టు ఇంకోసారి చూసుకోవడం మంచిది.

స్నేహితులమే కలిసి డబ్బు పెడుతున్నాము. ఒప్పందం అవసరమా?

స్నేహితులు కాబట్టే అవసరం. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత, దర్శకుడు కాదు. ఎవరెంత పెట్టారు, జీతం తీసుకోకుండా పని చేసినవారికి వాటా ఎంత, ఎవరైనా మధ్యలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఏమవుతుంది అన్నవి మొదటి షాట్‌కు ముందే స్టాంపు కాగితం మీద రాసుకోండి. ఈ వయసులో తీసే సినిమాకు ఆ మూడో నిబంధనే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే కెమెరామన్‌కు ఆఫర్ లెటర్ రావడం మీ కథలో లాగే మీ యూనిట్‌లో కూడా జరుగుతుంది. కథ, స్క్రిప్టు రాసినవారు ఆ హక్కులను నిర్మాతకు రాసిచ్చిన పత్రం లేకపోతే తర్వాత ఏ ఓటీటీ సంస్థా సినిమా తీసుకోదు.

సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరా?

థియేటర్‌లోనైనా, ఊరి మైదానంలోనైనా బహిరంగంగా ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద తప్పనిసరి. సెన్సార్ బోర్డు హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయ పరిధిలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. 2023 సవరణ తర్వాత యూఏ (పెద్దల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడదగిన) విభాగం 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది, సర్టిఫికెట్‌కు కాలపరిమితి లేకుండా పోయింది. యూట్యూబ్‌లో పెట్టడానికి ఇది అవసరం లేదు; జాతీయ పురస్కారాలకు అవసరం.

పూర్తయ్యాక ముందు ఎక్కడ చూపించాలి?

తొందరపడి యూట్యూబ్‌లో పెట్టకండి. చాలా చిత్రోత్సవాలు అప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్న సినిమాను తీసుకోవు. గోవాలో నవంబరులో జరిగే అంతర్జాతీయ చిత్రోత్సవంలో భారతీయ సినిమాల విభాగమైన ఇండియన్ పనోరమాతో పాటు, కేరళ, బెంగళూరు వంటి చోట్ల జరిగే ఉత్సవాలకు గడువులు ముందే చూసి, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను అనువాదం తెలిసినవారితో చేయించి పంపండి. ఆ దశ ముగిశాకే ఓటీటీ, ఆపైన యూట్యూబ్. థియేటర్ విడుదలకు ఆశపడితే రాష్ట్రమంతా కాకుండా అమలాపురం, భీమవరం, పాలకొల్లు, కాకినాడ వంటి పట్టణాల్లో ఒక్కో తెర, ఒక్కో ఆట మాట్లాడుకోండి. డీసీపీ కాపీ (థియేటర్ ప్రొజెక్టర్‌లో ఆడే డిజిటల్ కాపీ) చేయించి, దాన్ని అదే థియేటర్‌లో ముందు రోజు పది నిమిషాలు ఆడించి శబ్దం సరిచూసుకోండి. షూటింగ్ జరిగిన ఊళ్లో ప్రదర్శన పెట్టదలిస్తే దాళ్వా కోతలు, వేసవి ఎండలు రాకముందు, ఫిబ్రవరి మార్చి సాయంత్రాలు అనుకూలం. ఇల్లు ఇచ్చినవారికి ఆ సినిమాను ముందుగా విడిగా చూపించండి; తమ వంటిల్లు వంద మంది మధ్య మొదటిసారి చూడటం కొందరికి ఇబ్బందిగా ఉంటుంది.

రషెస్ (షూటింగ్‌లో తీసిన, ఎడిట్ చేయని ఫుటేజీ) ఎంతకాలం దాచాలి?

అమ్మకం ఒప్పందాలన్నీ ముగిసేదాకా, వీలైతే ఆ తర్వాత కూడా. ఓటీటీ సంస్థలు ఒక్కోసారి సంభాషణలు లేని సౌండ్ ట్రాకు, అక్షరాలు లేని దృశ్యాలు విడిగా అడుగుతాయి. ఉప్పుగాలి, తేమ ఉన్న తీరప్రాంతంలో హార్డ్‌డిస్కులు బీరువాలో పెట్టి మరిచిపోతే పాడవుతాయి కాబట్టి, రెండు కాపీలు చేసి ఒకటి మీ దగ్గర, మరొకటి వేరే పట్టణంలో ఉన్న భాగస్వామి దగ్గర ఉంచి, ఆరు నెలలకోసారి రెండింటినీ తెరిచి చూడండి.